ఓర్లాకు పెట్టిన విస్తరి

ఆ రోజు ఇంట్లో పుష్పలత ఉంది, ఆమె అత్త రాములవ్వ ఉంది, పుష్పలత చెల్లెలి బిడ్డ నిరోష ఉంది. మూసిన తలుపు వెనక పుష్పలత కొడుకు శ్రావణ్ ఉన్నాడు. శ్రావణ్ చెవుల మీది హెడ్‌ఫోన్లో డిచ్‌పల్లి ప్రేమ్, వేల్పూర్ భూమేష్, ఇంకా ఊరు పేరు చెప్పని ఇద్దరు ముగ్గురు ఉన్నారు. వాళ్ళను ఇంట్లోవాళ్ళ కింద లెక్క కట్టాలో వద్దో రాములవ్వకు తెలిసేది కాదు. "గా లోపటోళ్ళకు గూడ చాయ పెట్టాల్నా?" అని అడుగుతూ ఉండేది. గోడ మీద, ఎండిపోయిన బంతిపూల దండ కింద, ఆమె కొడుకు, శ్రావణ్ తండ్రి సాయన్న ఉన్నాడు.

నిరోష ముందు రేకు అచ్చు, కత్తెర, తడి గోనెలో చుట్టిన తునికాకు ఉన్నాయి. అచ్చును ఆకు మీద ఆనించి, లావు ఈనె పక్కకు పోయేలా చూసుకుని కత్తిరించాలి. పుష్పలత ఒళ్ళో చాట. కత్తిరించిన ఆకులో చిటికెడు తంబాకు పోసి, వేళ్ళతో దొర్లించి, మూతి మడిచి బీడీకి దారం చుట్టేలోపే ఆమె రెండో చెయ్యి తర్వాతి ఆకును వెతుక్కుంటూ పోయేది. ఆ చేతులను చూస్తే వాటికి పుష్పలతతో సంబంధం లేదనీ, వాటి పని వాటికే తెలుసనీ అనిపించేది.

చందూర్ బడిలో పది చదివి, ఇంటర్ కోసం నిజామాబాద్‌లో పెద్దమ్మ ఇంట్లో ఉంటున్న నిరోష, కాలేజీలో నోరు తెరిచేది హాజరు పలకడానికే. అదీ రెండోసారి పిలిస్తేనే. ఇంట్లో మాత్రం ఆమె చూపు ఎప్పుడూ ఆ మూసిన తలుపు మీదే ఉండేది. తలుపు వెనక 'అర్కావేల్' ఉంది. ఎక్కడెక్కడి మనుషులో ఒకేసారి ఆడే ఆట అది. ఒక్కొక్కరూ ఒక వేషం ఎంచుకుని, ఆ లోకంలో తిరుగుతూ, అక్కడి మనుషులతో మాట్లాడుతూ కథను ముందుకు నడపాలి. దానికి ఇప్పుడు కొత్త భాగం వచ్చింది. శ్రావణ్ దాన్ని ఉప్పు రాజ్యం అంటాడు. ఆ కథను తెలుగులో చెప్పి వీడియోలు పెడతాడు. ఆడేటప్పుడు తలుపు తీసి ఉంటే, నిరోష ఆకుల గంప పట్టుకుని గడపలో కూర్చుని అతని భుజం మీదుగా చూసేది. రికార్డింగ్ మొదలుపెడితే తలుపు మూసేవాడు.

తలుపు తెరుచుకుంది.

"నిరోషా, జర ఇటు రా. పొద్దుగాల సూసినవ్ కదా? ఎట్లున్నదే కథ?"

నిరోష కత్తెర కింద పెట్టింది. కథ గురించి అడిగితే మాత్రం మాటలు ఎక్కడినుంచో వచ్చేవి.

"మంచిగున్నదన్నా. గా ఉప్పు కొట్టం మూసేసినంక మనుషులు గేటు ముందట కూసుంటరు సూడు, గది మంచిగున్నది."

"ఏమున్నది దాంట్ల? ఊకె కూసున్నరు."

"ఊకె కూసోలే. ముచ్చట పెట్టుకుంట పెట్టుకుంట గేటు దిక్కు సూస్తున్నరు. మా బాపు గూడ గంతే. బోధన్ పోయినప్పుడల్లా చక్కెర ఫ్యాక్టరీ గేటు కాడికి రాంగనే బండి స్లో జేస్తడు. అది మూతపడి ఎన్నేండ్లాయె, అయినా జేస్తడు. ఎందుకు బాపూ అంటే, గుంత ఉన్నది బిడ్డా అంటడు. ఆడ గుంత లేదు."

శ్రావణ్ గడ్డం గోక్కున్నాడు. "ఆడ గుంత లేదు," అని తనలో తాను అనుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

పొద్దుగూకే వేళకు వీడియో వచ్చింది. పుష్పలత ఫోన్‌ను తంబాకు డబ్బాకు ఆనించి పెట్టుకుని, చేతులు ఆపకుండానే చూస్తోంది. కొడుకు వీడియోలో ఏం చెబుతాడో ఆమెకు ఒక్క ముక్క అర్థం కాదు. అయినా మొదటినుంచి చివరిదాకా వింటుంది.

"...గేటు దిక్కు సూస్తున్నరు దోస్తులూ, గమనించిండ్రా? కథ రాసినోడు గాడ గెలిచిండు. మా బాపు గూడ గంతే. బోధన్ పోయినప్పుడల్లా ఫ్యాక్టరీ గేటు కాడ బండి స్లో జేస్తడు. ఎందుకు బాపూ అంటే గుంత ఉన్నదంటడు. ఆడ గుంత ఉండదు."

కత్తెర అచ్చు దాటి ఆకు నడిమికి పోయింది. నిరోష చెవులు వేడెక్కాయి. అది నా మాట పెద్దమ్మా, మా బాపు ముచ్చట, అని చెప్పడానికి తల ఎత్తింది.

పుష్పలత చేతులు ఆగిపోయి ఉన్నాయి. విప్పిన ఆకులోంచి తంబాకు జారి చీర మీద పడుతోంది. ఆమె తడి వేలితో ఫోన్ మీద వెనక్కి జరిపి ఆ ముక్క మళ్ళీ విన్నది. మళ్ళీ జరిపింది.

"ఏమంటుండే వీడు?" అంది మెల్లగా. "బాపు స్లో జేస్తడు అంటుండా?"

నిరోష గోడ మీది ఫొటో వైపు చూడకుండా ఉండటానికి ఆకుల వైపు చూసింది.

"ఊ," అంది.

వీడియో కింద ఎవరో రాశారు: మీ బాపుకు నా నమస్తే చెప్పు అన్నా.

* * *

మర్నాడు పొద్దున నల్లా దగ్గర శ్రావణ్ పళ్ళు తోముకుంటుంటే నిరోష బిందె పట్టుకుని వచ్చి నిలబడింది. బిందె నిండింది. పొంగి కాళ్ళ మీద పడింది. అయినా కదల్లేదు.

"అన్నా, గేటు ముచ్చట నాది."

"అయితే?"

"మా బాపుది."

శ్రావణ్ నురగ ఉమ్మేశాడు. "వీడియోల అందరి పేర్లు సదువుకుంట కూసుంటమా? ఎవలీ నిరోష అంటరు."

"నేనే చెప్తే?"

ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. శ్రావణ్ పగలబడి నవ్వాడు. "నువ్వా? హాజరు పలుకనీకే గజగజ వణుకుతవట. పక్కింటి సింధూజ చెప్పింది. మీ క్లాసే కదా ఆ పిల్ల."

"మంచిగనే చెప్త."

నవ్వు ఆపి ఆమెను ఎగాదిగా చూశాడు. "సరే. ఐతారం లైవ్ ఉన్నది. ఉప్పు రాజ్యం మంచి చెడు మొత్తం తేల్చుడే. మంచి నేను చెప్త. చెడు నువ్వు చెప్పు."

"పక్కా?"

"పక్కా. గా నల్లా బందు జెయ్యి ముందుగాల."

ఇక నిరోష కాలు ఒకచోట నిలవలేదు. ఆటోలో కిటికీ వైపు తిరిగి పెదవులు కదిపేది. అన్నం తింటూ మధ్యలో ఆగిపోయేది. "ఏం గునుస్తున్నవే?" అని రాములవ్వ అడిగితే ఉలిక్కిపడేది. ఆమెకు కావలసింది ఒక్కటే. తన మాట తన గొంతులోంచి బయటికి రావాలి, అది నిరోష మాట అని వినేవాళ్ళకు తెలియాలి. అంతకుమించి ఏమీ అడగలేదు. ఆ ఒక్కటీ దొరుకుతుందన్న నమ్మకమూ కుదరడం లేదు.

ఆ సాయంత్రమే ఆటలో ఓర్లా చచ్చిపోయింది.

ఓర్లా పడవ నడిపే ముసలామె. ఉప్పు రాజ్యంలో ఎక్కడికి పోవాలన్నా ఆమె రేవు దాటాలి. దాటిన ప్రతిసారీ ఏదో ఒకటి కొత్తగా అనేది. వాన పడుతుంటే, "ముసలి ఎముకలు వానకు ముందే తడుస్తాయి నాయనా" అనేది. చేతిలో కత్తి ఉంటే, "దాన్ని అవతలి ఒడ్డున మరిచిపో" అనేది. అవన్నీ ఇంగ్లీషులో తెర మీద పడేవి. చదివిన మరుక్షణం నిరోష చెవిలో అవి రాములవ్వ గొంతుతో వినపడేవి. ఈ కథ మొత్తంలో ఆమెకు అన్నిటికంటే నచ్చింది ఆ ముసలామే. ఓర్లవ్వ అని పేరు పెట్టుకుంది, ఆమె మాటలు ఎందుకు మంచిగున్నాయో శ్రావణ్‌కు చెబుతూ ఉండేది.

రాజు సైనికులు రేవు తగలబెట్టారు. ఓర్లా మెట్ల మీద పడిపోయింది. ఆమె చేతిలోని తెడ్డు శ్రావణ్ చేతికి వచ్చింది. తెర నిండా బంగారు అక్షరాలు, దాంతో ఎంత గట్టిగా కొట్టవచ్చో చెబుతూ. హెడ్‌ఫోన్లోంచి ప్రేమ్ కేక నిరోషకు కూడా వినిపించింది: "దొరికిందిరా! మస్తుందిరా తెడ్డు!" వెంటనే రాజధాని, నగారాలు, యుద్ధం.

నిరోష ఎదురుచూసింది. ఎవరో ఒకరు ఆమె పేరు ఎత్తుతారని.

"గంతేనా?" అంది చివరికి.

"గంతే. కథ ఉరకాలె కదా."

యుద్ధం మధ్యలో మళ్ళీ రేవుకు రావలసి వచ్చింది. మెట్లు కాలిన మచ్చ లేకుండా ఉన్నాయి. ఓర్లా చోట ఒక పడుచువాడు నిలబడి ఉన్నాడు. వాన పడుతోంది. వాడు అన్నాడు, "ముసలి ఎముకలు వానకు ముందే తడుస్తాయి నాయనా."

"ఆమె మాట వీని నోట్లె పెట్టిండ్రు," అంది నిరోష.

శ్రావణ్ వెనక్కి తిరగలేదు. వేలు మాత్రం మీట మీద కాసేపు అలాగే ఉండిపోయింది.

* * *

శనివారం శ్రావణ్ బీడీల గంప ముందు పెట్టుకుని, తల్లిని వెనక కూర్చోబెట్టుకుని బండి మీద కార్ఖానాకు పోయాడు. రాములవ్వ అరుగు మీద కునుకు తీస్తోంది. గది తలుపు తీసే ఉంది, కంప్యూటర్ నడుస్తూనే ఉంది. శ్రావణ్ వేషం ఎక్కడో సంతలో నిలబడి ఊపిరి తీస్తోంది.

ఊరికే నడిపించడానికి నిరోషకు అప్పుడప్పుడు అనుమతి ఉండేది. హెడ్‌ఫోన్ పెట్టుకుంది. సంత దాటించింది, ఉప్పు మడుల గట్ల మీదుగా నడిపించింది, రేవు మెట్ల దగ్గర ఆపింది. పడుచువాడు లేడు. నీళ్ళ మీద తెల్ల పిట్టలు తిరుగుతున్నాయి.

ఆటలోని సంచి తెరిచి చూసింది. అందులో విందు ఉంది. పెద్ద యుద్ధానికి ముందు జట్టంతా తిని బలం తెచ్చుకునే భోజనం అది. చేపలు, తేనె, ఎక్కడెక్కడి ఆకులో ఏరుకొచ్చి, ఆదివారం లైవ్‌లో ఆడబోయే ఆఖరి యుద్ధం కోసం శ్రావణ్, ప్రేమ్ దాచిపెట్టారు. ఆ సంగతి నిరోషకు తెలుసు. తెలిసే దాన్ని ఓర్లా పడిన మెట్టు మీద పెట్టింది. పెట్టి, చందూర్‌లో పెద్దలు చేసినట్టే, నాలుగు అడుగులు వెనక్కి జరిగి నిలబడింది.

చందూర్‌లో నాయనమ్మ ఈరవ్వ పోయిన మూడోనాడు చెలక గట్టున విస్తరి పెట్టారు. కాకి కరెంటు తీగ మీద కూర్చుంది, దిగలేదు. పోయినామెకు ఏదో కోరిక మిగిలింది అన్నారు. "నీ బర్రెను అమ్మమవ్వా," అన్నాడు బాపు. దిగలేదు. "నీ కడియాలు చిన్నామెకే ఇస్తం," అంది ఎవరో. దిగలేదు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. అప్పుడు బాపు తువ్వాలతో మొహం తుడుచుకుని, "నిరోషను పట్నం పంపి సదివిపిస్తనే," అన్నాడు. కాకి దిగింది.

తెర మీద పిట్టలు తిరుగుతూనే ఉన్నాయి.

"నీ పడవ మంచిగ సూసుకుంటరు అవ్వా," అంది నిరోష గొంతు తగ్గించి. "ముట్టు."

తిరుగుతున్నాయి.

"నీ తెడ్డుతోని ఎవ్వల్ని కొట్టనియ్య."

తిరుగుతున్నాయి. ఆమె ఒక్క పిట్ట వెంటే చూపు నిలిపింది. అది ప్రతిసారీ అదే వంపు తిరిగి అదే చోట రెక్క ఆడిస్తోంది. దానికి వాలడం రాదు. వాలేటట్టు ఎవరూ రాయలేదు.

"నీ మాటలు నీయే అని చెప్త అవ్వా. రేపే చెప్త. ముట్టరాదే!"

కింద పెట్టిన ఏ వస్తువైనా ఆటలో కాసేపటికి పోయినట్టే, విందు ఒక్క క్షణం మెరిసి మాయమైంది. మెట్టు ఖాళీ.

చెవిలో ఎవరో ఫక్కున నవ్వారు. "ఎవలే అది? అరేయ్ శ్రావణ్, నీ కంప్యూటర్ల దయ్యం జొచ్చిందిరా! పిట్టకు పెడుతున్నది!" అది ప్రేమ్ గొంతు. మైకు ఆన్‌లోనే ఉంది.

నిరోష హెడ్‌ఫోన్ లాగి పడేసి బయటికి ఉరికింది.

శ్రావణ్ వచ్చేసరికి అతని ఫోన్ మోగుతూనే ఉంది. చెప్పులు విప్పకుండానే గదిలోకి పోయి సంచి చూసుకున్నాడు. ఇల్లంతా వినపడేలా అరిచాడు.

"దసరా దాక తిరిగినా మళ్ళ దొరకయ్ గవి! ప్రేమ్ గాడు నవ్వుతుండు, భూమేష్ గాడు తిడుతుండు. దిమాక్ ఉన్నదా నీకు? ఎందుకు పెట్టినవే?"

నిరోష గడప మీది పసుపు బొట్లను చూస్తోంది.

"అడుగుతున్న కదా!"

"ఆమె సచ్చినంక ఎవ్వలు పెట్టలేదన్నా." తల ఎత్తింది. "పిట్టకు గూడ పెట్టకుంట యుద్ధానికి పోయిండ్రు. ఎవ్వలు ఏడ్వలే. ఆమె మాటలు ఇంకోని నోట్లె పెట్టి, ఆమె సావనే లేదన్నట్టు నడిపిస్తున్నరు. కథ గాడనే ఇరిగింది. గటెనుక ఎన్ని యుద్ధాలు పెట్టినా అతుకలే."

శ్రావణ్ చూపు నిరోష తల మీదుగా పోయి ముందు గది గోడ మీది ఫొటోకు తగిలింది. తగిలిన వెంటనే వెనక్కి వచ్చింది.

"రేపు నువ్వు లోపటికి రాకు," అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. తలుపు మూశాడు.

నిరోష వచ్చి ఆకుల ముందు కూర్చుంది. అచ్చు పట్టుకుంది గాని కత్తెర కదల్లేదు. అరుగు మీంచి రాములవ్వ లేచి, గోడ పట్టుకుంటూ వచ్చి పక్కన కూలబడింది.

"ఏమన్నవే వాన్ని?"

"వాన్ని ఏమనలేదవ్వా. ఆటల ముసలామె ముచ్చట."

రాములవ్వ ఒక ఆకు తీసి మోకాలి మీద సాపు చేసింది. "మీ పెద్దబాపును, మా సాయన్నను, దవఖానల నుంచి ఇంటికి తేనియ్యలే. మొఖం గూడ సూపియ్యలే. కరోనా అని గల్లీకి తాడు కట్టిండ్రు. మూడొద్దులకు నేనే ఇంత ముద్ద గలిపి స్లాబు మీద పెట్టిన. వీడు గదే అర్రల తలుపేసుకొని ఉన్నడు, గా ఆటనే ఆడుకుంట." ఆకు చిరిగింది. పక్కన పడేసి ఇంకోటి తీసింది. "గప్పటి సంది పెత్తరమాసకు గూడ పైకి రాడు. నేనే మోకాళ్ళు పట్టుకుంట ఎక్కుతున్న. కాకి ఎంటనే ముడుతలేదు. కొడుకు పెడితే ముడ్తదేమో."

నిరోషకు తన నోట్లోంచి వచ్చిన ఒక్కొక్క మాటా మళ్ళీ వినిపించింది. పిట్టకు గూడ పెట్టకుంట. సావనే లేదన్నట్టు. వాటిని వెనక్కి తీసుకోవడానికి లేదు. తీసుకుందామా అంటే, అవి తప్పు మాటలు కూడా కావు. అదే ఆమెను కూర్చోనివ్వలేదు. లేచి నీళ్ళు తాగింది. వచ్చి కూర్చుని మళ్ళీ లేచింది.

* * *

ఆదివారం పెత్తరమాస. పోయిన పెద్దలకు పెట్టే రోజు. పొద్దున్నుంచీ ఇంట్లో నూనె వాసన. పుష్పలత గారెలు తీస్తోంది. ఆ రోజే మొదటి బతుకమ్మ కూడా కాబట్టి సింధూజ గేటు బయటినుంచి కేక వేసింది, "నిరోషా, తంగేడుకు పోదమా?"

"నువ్వు పో, నేను రాను."

శ్రావణ్ తలుపు మూసి ఉంది. లైవ్ మొదలైంది. నిరోషకు ఆ వైపు చూడాలని లేదు. పోయి సరిగ్గా ఆ తలుపు పక్కనే గోడకు ఆనుకుని నిలబడింది, చేతిలో విస్తరాకు తుడుస్తూ.

"...ఓర్లా మాటలు ప్రతిసారి మారుతయి దోస్తులూ. వానకు ఒకటి, ఎండకు ఒకటి. ఈ కథల మంచి అంటే గదే. చిన్న మనిషిని గూడ మనిషి లెక్క రాసిండ్రు..."

తను చెప్పినవే. తన క్రమంలోనే. నిరోష విస్తరాకును తుడిచిన చోటే తుడుస్తోంది. ఇక చెడు భాగం కూడా అతనే చెప్పేస్తాడు. ఓర్లవ్వకు తాను తెర ముందు కూర్చుని ఇచ్చిన మాట గాలికి పోయినట్టే.

రాములవ్వ విస్తరాకు లాక్కుని అన్నం, పప్పు, గారె, పాయసం వడ్డించింది. కొంగు నడుముకు దోపుకుని, స్లాబు మెట్ల వైపు చూసి నిట్టూర్చింది.

"ఇంకోటి గేటు ముచ్చట," లోపలి గొంతు అంది. "మొన్నటి వీడియోల చెప్పిన కదా, మా బాపు ఫ్యాక్టరీ గేటు కాడ బండి స్లో జేస్తడని. గది నా మాట గాదు. మా చెల్లె నిరోషది. చందూర్ల ఉంటరు వాళ్ళు. స్లో జేసేది వాళ్ళ బాపు."

నిరోష గోడను వదిలి నిటారుగా నిలబడింది. వంటింట్లో పుష్పలత జల్లిగంటె గాల్లోనే ఆగింది. దాని చివరినుంచి నూనె చుక్కలు పడుతున్నాయి.

"మా బాపు..." అన్నాడు శ్రావణ్.

తర్వాత ఏమీ వినిపించలేదు.

"కరెంటు పోయిందానే?" అంది పుష్పలత. పొయ్యి పక్కన చిన్న ఫ్యాన్ తిరుగుతూనే ఉంది.

"మా బాపు..." మళ్ళీ. ఈసారి ఇంకా చిన్నగా. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. తలుపు తెరుచుకుంది.

శ్రావణ్ ఎవరి మొహమూ చూడలేదు. "ఓర్లవ్వ ముచ్చట నువ్వే చెప్పు," అన్నాడు. "నాతోని అయితలేదు."

"నేనా? ఇప్పుడా?"

"మైకు ఆన్‌ల ఉన్నది. ప్రేమ్ గాడు గూడ ఇంటుండు. నవ్వితే నవ్వనియ్యి."

అతను రాములవ్వ దగ్గరికి వెళ్ళి రెండు చేతులూ చాచాడు. ముసలామె విస్తరి ఆ చేతుల్లో పెట్టింది. గారె జారబోతే వేలితో మధ్యకు నెట్టింది.

"ముట్టకపోతే?" అన్నాడు శ్రావణ్, వినీ వినిపించకుండా.

"ముట్టకపోతే ఏదన్న చెప్పు కొడుకా. ఇంటడు."

నిరోష లోపలికి వెళ్ళింది. కుర్చీ ఇంకా వెచ్చగా ఉంది. తెర మీద రేవు మెట్లు ఆగి ఉన్నాయి. పక్కన పేర్లు, మాటలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి: అన్నా ఏమైంది, అన్నా ఉన్నవా, నిరోష ఎవరు. ఆమె అరచేతులను లంగాకు తుడుచుకుంది. వెనక్కి తిరిగి చూసింది. శ్రావణ్ విస్తరి పట్టుకుని, స్లాబు మీదికి పోబోతూ గడప బయట నిలబడి ఉన్నాడు.

"ఏం చెప్పాలె అన్నా?"

"నిన్న నాకేం చెప్పినవో గదే."

"తలుపు తీసే ఉంచరాదన్నా. నాకు బుగులైతున్నది."

"బయట సప్పుడొస్తదే," అన్నాడు శ్రావణ్. రెండు చేతుల్లో విస్తరి అదరకుండా పట్టుకుని, మోచేత్తో నెట్టి, ఆమెను లోపల ఉంచి తలుపు మూశాడు.